ఇంట్లో లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ: ఐదు సీసాలు సరే, ఎంతెంత పోయాలి?

నిజాంపేట నివాసి · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం రాత్రి మా ఫ్లాట్‌కి ఆఫీసు ఫ్రెండ్స్ కొందరు, మా బావమరుదులు ఇద్దరు వస్తున్నారు. నాతో కలిపి ఎనిమిది మందిమి, అందరం ముప్పై దాటినవాళ్లమే. ప్రతిసారీ విస్కీ, సోడా, పల్లీలతోనే అయిపోతోంది. ఈసారి లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ ఇంట్లోనే చేసి పెట్టాలని గట్టిగా అనుకుంటున్నాను. గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ పబ్బుల మెనూల్లో ఎల్ఐఐటీ అని ఉంటుంది చూడండి, అదే.

వోడ్కా, జిన్, వైట్ రమ్, టెకీలా, ట్రిపుల్ సెక్ అనే నారింజ లిక్కర్ కావాలని తెలుసు. కొలతల దగ్గరే గందరగోళం. ఒక వీడియోలో 15 ఎంఎల్ అంటారు, ఇంకోదాంట్లో 30 అంటారు, మరొకాయన నాలుగు సీసాలు రెండు చేతులతో పట్టుకుని ఒకేసారి ఒంపేశాడు. ట్రిపుల్ సెక్ మా వీధి వైన్స్‌లో లేదు, దాని బదులు ఏం వాడొచ్చు? కోక్ పోయాలా, థమ్స్ అప్ అయినా పర్వాలేదా? ఎనిమిది గ్లాసులు ఒక్కొక్కటీ కలుపుతూ వంటింట్లోనే ఉండిపోకుండా ముందే కలిపి పెట్టుకోవచ్చా? చేసి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కొలతగిన్నె · సోమవారం రాత్రి 9:50

బార్ కౌంటర్ వెనక చాలా ఏళ్లు పనిచేశాను. ఈ డ్రింక్ మీద నాకు ఇష్టం ఎక్కువ, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం ఐబీఏ జాబితాలో ఉన్న కొలత ఇది. వోడ్కా, టెకీలా, వైట్ రమ్, జిన్, క్వాంత్రో ఒక్కొక్కటి 15 ఎంఎల్. నిమ్మరసం 30, షుగర్ సిరప్ 20. పైన కోలా. క్వాంత్రో అంటే ట్రిపుల్ సెక్‌లో ఒక బ్రాండు, నారింజ తొక్క వాసన దాని ప్రాణం.

15 అనేది ఏదో పిసినారితనం కాదు. ఐదింటిలో ఏ ఒక్కటీ మిగతావాటిని మింగేయకూడదనే ఆ లెక్క. టెకీలాకి మట్టి వాసన లాంటి ఘాటు ఉంటుంది, జిన్‌కి జూనిపర్ గింజల వాసన ఉంటుంది. పదిహేనేసి పోస్తే ఇవి నిమ్మ, నారింజ వెనక నిలబడి రుచికి లోతునిస్తాయి. ముప్పయ్యేసి పోస్తే గొంతు మంట తప్ప ఇంకేమీ తెలీదు. ఆ మంట పోవడానికి కోలా గ్లాసు అంచు దాకా నింపుతారు. చివరికి తాగేది కోలా, తలకెక్కేది మందు. కోలా పని రంగు, కాస్త చిరుచేదు, కొంచెం గ్యాసు ఇవ్వడం, అంతే. 60 నుంచి 80 ఎంఎల్ చాలు. గ్లాసు లెమన్ టీ రంగులో కనిపించాలి. నల్లగా కనిపిస్తే కోలా ఎక్కువైనట్టే.

చేసే పద్ధతి: 300 నుంచి 350 ఎంఎల్ పట్టే పొడవాటి గ్లాసు నిండా ఐస్ వేయండి. కోలా తప్ప మిగతావన్నీ షేకర్‌లో ఐస్‌తో పది సెకన్లు ఊపి, వడకట్టి గ్లాసులో పోయండి. పైన కోలా మెల్లగా పోసి స్పూన్‌తో ఒక్కసారి కింద నుంచి పైకి కదపండి. షేక్ చేయకుండా నేరుగా గ్లాసులోనే కలపమని ఐబీఏ చెబుతుంది, అలాగైనా బాగానే ఉంటుంది. కోలాని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ షేకర్‌లో వేయకండి. మూత ఎగిరిపోతుంది.

జిగ్గర్ (మందు కొలిచే చిన్న గిన్నె) లేకపోతే దగ్గు సిరప్ మీద వచ్చే ప్లాస్టిక్ మూత శుభ్రంగా కడిగి వాడండి. 5, 10, 15 గీతలు దాని మీద ఉంటాయి. కంటి అంచనాతో మాత్రం పోయకండి.

ఎర్రగడ్డ అన్న · సోమవారం రాత్రి 10:15

కొలతగిన్నె అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ 15 ఎంఎల్‌కి నా మనసు ఒప్పుకోవడం లేదు. ఇంటికి పిలిచి గ్లాసులో పదిహేనేసి పోస్తే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? లాంగ్ ఐలాండ్ అంటేనే స్ట్రాంగ్ డ్రింక్ అని పేరు. మా బ్యాచ్‌లో ఎప్పుడూ 30 చొప్పునే పోస్తాం. ఎవరూ కంప్లయింట్ చేయలేదు.

కొలతగిన్నె · సోమవారం రాత్రి 10:31

తమ్ముడూ, విడివిడిగా చూడకుండా కలిపి చూడు. పదిహేనేసి ఐదు అంటే 75 ఎంఎల్. అంటే ఒక లార్జ్ పెగ్గు, దాని మీద ఇంకో పావు. నువ్వు పోసేది 150 ఎంఎల్, రెండున్నర లార్జ్‌లు ఒకే గ్లాసులో. విస్కీ అయితే ఆ రెండున్నర తాగడానికి గంటన్నర పడుతుంది. ఇది తియ్యగా, చల్లగా ఉంటుంది కాబట్టి ఇరవై నిమిషాల్లో గ్లాసు ఖాళీ అవుతుంది. 15తోనే ఇది స్ట్రాంగ్ డ్రింక్. ఆ పేరు వచ్చింది కూడా ఈ కొలతకే.

మాత్రల డబ్బా · మంగళవారం ఉదయం 7:05

నేను ఫార్మసీలో ఉంటాను. పై లెక్కకి గ్రాములు కూడా జోడిస్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోసపోతున్నారు.

మన దేశంలో తయారయ్యే చాలా సీసాల మీద ఆల్కహాల్ 42.8 శాతం అని ఉంటుంది. అలాంటివి నాలుగు 15 ఎంఎల్‌లు, 40 శాతం క్వాంత్రో ఒక 15 కలిపితే దాదాపు 25 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. మన దగ్గర ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాములు. అంటే సరైన కొలతతో చేసిన ఒక్క గ్లాసే రెండున్నర డ్రింకులు. ఎర్రగడ్డ అన్న గారి గ్లాసు ఐదు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. 70 కిలోల మగాడికి ఆ 25 గ్రాములతో రక్తంలో ఇంచుమించు 50 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. 60 కిలోల స్త్రీకి ఇంకా ఎక్కువ, 75 దాకా వెళ్లొచ్చు. తిండి తిని తాగితే కొంత తగ్గుతుంది, కానీ ఆ ధైర్యంతో బండి తీయకూడదు. ఒక్క గ్లాసు తర్వాత కూడా బండి ముట్టుకోకూడదన్నదే నా మాట. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితేనే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఇంకో సంగతి. శరీరం గంటకి 15 మిల్లీగ్రాములకి అటూఇటూగా మాత్రమే తగ్గించగలదు. 30 కొలతతో రెండు గ్లాసులు తాగి అర్ధరాత్రి పడుకుంటే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి కూడా లిమిట్ పైనే ఉండొచ్చు. స్నానం, నిమ్మనీళ్లు, ఫిల్టర్ కాఫీ ఏవీ దాన్ని తొందరపెట్టలేవు.

నిజాంపేట నివాసి · మంగళవారం ఉదయం 8:20

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థాంక్యూ సో మచ్. 15 కే ఫిక్స్. వచ్చేవాళ్లలో ఇద్దరు తప్ప అందరూ క్యాబ్‌లోనే వస్తామన్నారు. ఆ ఇద్దరికీ కూడా చెబుతాను.

నకిరేకల్ నిమ్మ · మంగళవారం మధ్యాహ్నం 1:40

మాది నల్లగొండ జిల్లా, మా వాళ్లకి నిమ్మతోట ఉంది. ఉద్యోగం హైదరాబాద్‌లో. మందు సంగతి మీరంతా చెప్పారు, నిమ్మకాయ గురించి నేను చెబుతాను. నా దృష్టిలో ఈ డ్రింక్‌లో సగం మంచిచెడ్డలు నిమ్మకాయ చేతిలోనే ఉన్నాయి.

ఐబీఏ చెప్పే 30 ఎంఎల్ అమెరికా, యూరప్‌లలో దొరికే పెద్ద పసుపు లెమన్ రసం. దాని తొక్క మందం, పులుపు కాస్త మెత్తన. మన దగ్గర దొరికేది పలచటి తొక్క కాగ్జీ నిమ్మ. దీని పులుపుకి పదును ఎక్కువ. అందుకని మన నిమ్మతో చేసేటప్పుడు 25 ఎంఎల్ దగ్గర ఆగి రుచి చూడండి. చాలామందికి అక్కడే సరిపోతుంది.

కాయ కొనేటప్పుడు పచ్చగా గట్టిగా ఉన్నవి వద్దు. లేత పసుపు తిరిగి, తొక్క నున్నగా ఉండి, చేతిలో బరువుగా అనిపించేవి ఏరుకోండి. రసం వాటిలోనే ఉంటుంది. ఒక్కో కాయకి 15 ఎంఎల్ దాకా వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే కోయకుండా కాసేపు బయట ఉంచి, అరచేతితో బల్ల మీద దొర్లించి కోస్తే రసం ఎక్కువ దిగుతుంది. పిండేటప్పుడు ఆఖరి చుక్క కోసం తొక్కని నలిపేయకండి, చేదు దిగుతుంది. గింజలు వడకట్టండి.

సీసాల్లో అమ్మే నిమ్మరసం మాత్రం వద్దు. నిల్వ ఉండటానికి వేసిన వాటి వాసన ఐదు మందుల మధ్యలోనూ తెలిసిపోతుంది. ఎండాకాలంలో కాయ రేటు పెరిగినా సరే, పది కాయల ఖర్చు దగ్గర చూసుకోకండి. ఐదు సీసాల మీద పెట్టిన డబ్బంతా దాంతోనే నిలబడుతుంది.

కొలతగిన్నె · మంగళవారం మధ్యాహ్నం 2:10

నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటున్నాను. మన నిమ్మకి 25 సరైన లెక్క. పైన నేను రాసిన 30 బదులు అందరూ ఇదే తీసుకోండి.

సైనిక్‌పురి శారద · మంగళవారం సాయంత్రం 6:25

ట్రిపుల్ సెక్ గురించి అడిగారు కదండీ. క్వాంత్రో ఫ్రాన్స్‌లోని ఆంజే పట్టణం దగ్గర తయారవుతుంది, 40 శాతం ఆల్కహాల్. పెద్ద వైన్స్‌లలో, మాల్స్‌లో ఉండే లిక్కర్ స్టోర్లలో అడిగి చూడండి. ఎవరైనా విదేశాల నుంచి వస్తుంటే శంషాబాద్‌లో దిగాక డ్యూటీఫ్రీలో తెమ్మనొచ్చు, మనిషికి 2 లీటర్ల దాకా అనుమతి ఉంది. వేరే బ్రాండ్ల ట్రిపుల్ సెక్‌లలో 15 శాతం నుంచి 40 దాకా రకరకాలుంటాయి, లేబుల్ చూసి తీసుకోండి. ట్రిపుల్ సెక్ పేరుతో ఆల్కహాల్ లేని సిరప్ కూడా అమ్ముతారు. అది బాగా తీపి.

ఏదీ దొరక్కపోతే నేను ఇంట్లో చేసే నారింజ తొక్కల సిరప్ చెబుతాను. మోండా మార్కెట్‌లో కమలాలు బాగా వచ్చే రోజుల్లో చేసి పెట్టుకుంటాను. నాలుగు కమలాలు బాగా కడిగి, తుడిచి, పైన ఉండే రంగు తొక్కని మాత్రమే పీలర్‌తో పలచగా తీయండి. లోపలి తెల్లటి పొర చేదు, అది రాకూడదు. ఆ తొక్కల మీద 100 గ్రాముల పంచదార వేసి చేత్తో గట్టిగా నలిపి, మూతపెట్టి నాలుగైదు గంటలు వదిలేయండి. తొక్కలోని నూనె పంచదారలోకి దిగి తడితడిగా అవుతుంది. అప్పుడు 100 ఎంఎల్ గోరువెచ్చని నీళ్లు పోసి కరిగేదాకా కలిపి వడకట్టండి. పొయ్యి మీద మరిగించకండి, ఆ వాసన పోతుంది.

ఇది 15 ఎంఎల్ వేసి, మామూలు షుగర్ సిరప్‌ని 20 నుంచి 10 కి తగ్గించాలి. ఆల్కహాల్ ఉండదు కాబట్టి గ్లాసు కొంచెం తేలికవుతుంది. నా వరకు నాకు అదే నచ్చుతుంది. బత్తాయి తొక్కతో ప్రయత్నించకండి, ఆ వాసన ఈ డ్రింక్‌కి కుదరదు.

గోదారి గాలి · మంగళవారం సాయంత్రం 7:02

శారద అక్కా, సిరప్ ఐడియా చాలా బాగుంది. షుగర్ సిరప్ పాళ్లు కూడా ఎవరైనా చెబితే మొత్తం ఒకే చోట ఉంటుంది.

సైనిక్‌పురి శారద · మంగళవారం సాయంత్రం 7:15

పంచదార, నీళ్లు సమానం తమ్ముడూ. పంచదార కరిగితే చాలు, పాకం రానివ్వకూడదు. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు ఉంటుంది.

తిరిగొచ్చిన పక్షి · మంగళవారం రాత్రి 9:30

నేను న్యూయార్క్ దగ్గర కొన్నేళ్లు ఉండి ఇప్పుడు కొండాపూర్‌లో స్థిరపడ్డాను. ఈ డ్రింక్ పుట్టుక గురించి రెండు కథలు చెబుతారు. రెండూ ఇష్టంగా వినేవాడిని.

మొదటిది లాంగ్ ఐలాండ్‌లోని ఓక్ బీచ్ ఇన్ అనే చోట పనిచేసిన రాబర్ట్ బట్ అనే బార్‌టెండర్‌ది. అందరూ ఆయన్ని రోజ్‌బడ్ అని పిలిచేవారు. 1972లో ట్రిపుల్ సెక్ తప్పనిసరిగా వాడాలన్న ఒక పోటీ కోసం దీన్ని తయారు చేశానని ఆయన చెప్పుకున్నాడు.

రెండోది టెనెసీ రాష్ట్రంలోని కింగ్స్‌పోర్ట్ ఊరిది. అక్కడ హోల్‌స్టన్ నదిలో కూడా లాంగ్ ఐలాండ్ అనే లంక ఉంది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచింది కదా, ఆ 1920ల్లోనే అక్కడి చార్లెస్ బిషప్ అనే పెద్దాయన రమ్, వోడ్కా, విస్కీ, జిన్, టెకీలా, మేపుల్ సిరప్ కలిపి చేశాడని ఆ ఊరివాళ్లు అంటారు.

నాకు మొదటి కథే నమ్మబుద్ధవుతుంది. నిషేధం రోజుల్లో టెనెసీలో టెకీలా, వోడ్కా రెండూ చేతికి అందడం అంత తేలిక కాదు. పైగా ఇవాళ మనం తాగే డ్రింక్‌లోని ట్రిపుల్ సెక్ రోజ్‌బడ్ కథలోదే.

మారేడ్‌పల్లి మాస్టారు · మంగళవారం రాత్రి 10:05

నిషేధం అంటే గుర్తొచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలోనూ 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో ఎత్తేశారు. దానికి వెనక నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం ఉంది. మందు వల్ల ఇళ్లు కూలిన బాధ ఎలా ఉంటుందో ఆ తరం కళ్లారా చూసింది. అందుకే ఇక్కడ కొలత గురించి ఇంత పట్టుదలగా మాట్లాడుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది బాబూ.

పెన్నా ఒడ్డు · బుధవారం ఉదయం 9:45

టెకీలా గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను. టెకీలా అన్న పేరు మెక్సికోలో హలిస్కో, ఇంకో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లో, నీలి అగావే మొక్క నుంచి చేసినదానికే చెల్లుతుంది. లేబుల్ మీద 100 శాతం అగావే అని ఉంటే మొత్తం ఆ మొక్క నుంచే వచ్చినట్టు. ఆ మాట లేకపోతే అగావే చక్కెర కనీసం 51 శాతం ఉండి మిగతాది వేరే చక్కెర అయి ఉండొచ్చు. లాంగ్ ఐలాండ్‌లోకి ఆ రెండో రకం తెల్లది చాలు, ఖరీదైనది ఇందులో పోయడం దండగ.

మా రాయలసీమ వైపు పొలాల గట్ల మీద, రైలు కట్టల పక్కన ముళ్ల మట్టలతో పెరిగే కిత్తనార చూశారా? అదీ అగావే జాతిదే. చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ పెట్టి దక్కన్ నేలలో పెరిగిన అగావే నుంచి స్పిరిట్ తీసి డెస్మండ్‌జీ పేరుతో 2011లో గోవాలో అమ్మకం మొదలుపెట్టారు. మెక్సికోలో చేయలేదు కాబట్టి దాన్ని టెకీలా అనరు, అగావే స్పిరిట్ అంటారు. ఎక్కడైనా కనిపిస్తే ఈ డ్రింక్‌లో టెకీలా బదులు వేసి చూడండి. మన నేల మొక్కతో అంత మంచి పని జరిగిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

ఎర్రగడ్డ అన్న · బుధవారం ఉదయం 10:10

పెన్నా భాయ్, ఇది నాకు తెలీదు. మా అమ్మమ్మ ఊళ్లో కిత్తనారతో తాళ్లు పేనేవారు. స్పిరిట్ వస్తుందని ఎవరూ చెప్పలేదు.

సరే, కోలా దగ్గరికి వద్దాం. నా ఓటు థమ్స్ అప్‌కే. హైదరాబాద్‌లో ఇంకోటి పోస్తే తాగినట్టే ఉండదు.

కొలతగిన్నె · బుధవారం ఉదయం 11:00

థమ్స్ అప్ 1977లో మన దేశంలోనే పుట్టింది. గ్యాసు ఎక్కువ, మసాలా ఘాటు ఎక్కువ. విస్కీలోకి, ముదురు రమ్‌లోకి బ్రహ్మాండం. ఇందులో పోస్తే ఆ ఘాటు జిన్ వాసన మీద కూర్చుంటుంది. అందుకే థమ్స్ అప్ అయితే 60 దగ్గర ఆపండి, కోక్ లేదా పెప్సీ అయితే 80 దాకా వెళ్లొచ్చు. ఏదైనా సరే ఫ్రిజ్‌లో బాగా చల్లబడిన చిన్న సీసా, అప్పుడే మూత తీసినది వాడండి. నిన్న తెరిచిన రెండు లీటర్ల బాటిల్‌లో మిగిలిన కోలా పోస్తే గ్యాసు లేక డ్రింక్ చప్పగా పడుతుంది.

మెహదీపట్నం మజ్జిగ · బుధవారం మధ్యాహ్నం 12:30

ఐస్ గురించి ఒక మాట. ఇంటి ఫ్రిజ్ ట్రేలతో ఎనిమిది మందికి సరిపోదు, బయట కొనాల్సి వస్తుంది. దిమ్మల ఐస్ కొట్టించి తేవద్దు, అది చేపలకి, సామాన్లకి వాడేది. తినడానికి పనికిరాని ఐస్‌లో నీలిరంగు కలపాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో చెప్పింది, కానీ రంగు లేనిదల్లా మంచిదని అనుకోలేం. సూపర్‌మార్కెట్లలో సీల్ వేసి అమ్మే క్యూబ్స్ ప్యాకెట్లు తీసుకోండి. మనిషికి అర కిలో లెక్క వేసుకోండి. లేదా రెండు రోజుల ముందు నుంచే ఫిల్టర్ నీళ్లతో ట్రేలు నింపుతూ, గడ్డకట్టినవి కవర్లో వేసి ఫ్రీజర్‌లో దాచుకోండి. గ్లాసు నిండా ఐస్ ఉంటే నెమ్మదిగా కరుగుతుంది. మూడు ముక్కలు వేస్తే పది నిమిషాల్లో నీళ్లయిపోతాయి.

నిజాంపేట నివాసి · బుధవారం రాత్రి 8:40

ఇన్ని విషయాలు ఒక్కచోట! క్వాంత్రో ఒక మిత్రుడు ఇస్తానన్నాడు. వోడ్కా, జిన్, వైట్ రమ్ క్వార్టర్లు తీసుకుంటే సరిపోతాయా? ముందే కలిపి పెట్టే సంగతి కూడా ఎవరైనా చెబితే నా టెన్షన్ పోతుంది.

కొలతగిన్నె · బుధవారం రాత్రి 9:15

క్వార్టర్ అంటే 180 ఎంఎల్, పదిహేనేసి పన్నెండు గ్లాసులు. నీకు కావాల్సింది ఎనిమిది, కాబట్టి ధారాళంగా సరిపోతుంది. సీల్, మూత మీద ఎక్సైజ్ లేబుల్ చూసి లైసెన్సు ఉన్న షాపులోనే కొను. తక్కువ రేటుకి ఎవరో ఇస్తామన్నారని విడి సీసాలు తేవద్దు. కల్తీలో మిథనాల్ ఉంటే కళ్లు పోతాయి, ప్రాణం పోతుంది.

ఇప్పుడు ఎనిమిది మందికి లెక్క. ఐదు సీసాల నుంచి 120 ఎంఎల్ చొప్పున, మొత్తం 600. నిమ్మరసం 200, షుగర్ సిరప్ 160. అన్నీ కలిపితే 960 ఎంఎల్, ఒక లీటర్ వాటర్ బాటిల్‌లో చక్కగా పడుతుంది. గ్లాసుకి 120 ఎంఎల్ పోసి, పైన కోలా. నిమ్మకాయలు పదిహేను సరిపోవాలి గానీ పద్దెనిమిది తెచ్చుకో.

మందులు ఐదూ శుక్రవారమే కలిపి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు, వాటికేమీ కాదు. సిరప్ కూడా ముందే చేసుకో. నిమ్మరసం మాత్రం శనివారం సాయంత్రం పిండి అప్పుడే కలుపు. రాత్రంతా ఉంచితే ఆ తాజాదనం పోయి ఒకరకమైన చేదు వస్తుంది. అడుగున నిమ్మ పేరుకుంటుంది కాబట్టి పోసే ముందు ప్రతిసారీ బాటిల్ ఒకసారి తలకిందులు చేయి. షేకర్ అక్కర్లేదు, చల్లటి మిశ్రమం నిండు ఐస్ మీద పోసి బాగా కలిపితే చాలు.

ఒక మనవి. ఈ ఒక్క బాటిలే చేసి పెట్టు. రెండో బాటిల్ రెడీగా ఉంటే ఎవరూ ఆగరు.

మాత్రల డబ్బా · గురువారం ఉదయం 7:20

వచ్చేవాళ్లలో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఉంటే ముందే అడగండి. గ్లిమిపెరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మందు తాగితే కొన్ని గంటల తర్వాత షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, తడబాటు, మాట ముద్దగా రావడం, ఇవన్నీ మత్తు లాగే కనిపిస్తాయి కాబట్టి పక్కనున్నవాళ్లు పట్టించుకోరు. ప్రమాదం అక్కడే. నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ వాడుతున్నవాళ్లు అసలు తాగకూడదు. తెల్లారి తలనొప్పికి పారాసిటమాల్ మీద పారాసిటమాల్ వేసుకోవడమూ లివర్‌కి మంచిది కాదు.

రకరకాల మందులు కలిపితే హ్యాంగోవర్ ఎక్కువ వస్తుందని చాలామంది నమ్ముతారు. ఇందులో వాడే వోడ్కా, జిన్, వైట్ రమ్ మూడూ తేటవి, బ్రాందీ, ముదురు రమ్ కంటే మలినాలు తక్కువ ఉన్నవే. మర్నాడు తల పట్టేయడానికి అసలు కారణం మొత్తం ఎంత ఆల్కహాల్ పోయిందన్నదే. ముందు కడుపు నిండా తిండి, గ్లాసుకి ఒక గ్లాసు నీళ్లు.

గోదారి గాలి · గురువారం ఉదయం 9:00

బండి నడిపే ఆ ఇద్దరి కోసం ఆల్కహాల్ లేనిది కూడా ఒకటి పెట్టండి. నేను తాగను, మా గ్యాంగ్‌లో నా కోసం ఇలా చేస్తారు. స్ట్రాంగ్ బ్లాక్ టీ 90 ఎంఎల్ చల్లార్చి, నిమ్మరసం 25, శారద అక్క చెప్పిన నారింజ సిరప్ 20, నిండా ఐస్, పైన కోలా 60. అదే గ్లాసు, అదే రంగు. చేతిలో ఒంటరిగా వాటర్ బాటిల్ పట్టుకున్నట్టు ఉండదు.

నిజాంపేట నివాసి · ఆదివారం సాయంత్రం 5:30

నిన్న అంతా బాగా జరిగింది. నిమ్మ 25, థమ్స్ అప్ 60. మొదటి గుటకకే మా పెద్ద బావమరిది ఇందులో టీ పోశావా అని అడిగాడు. ఆరుగురు తలా ఒక గ్లాసు తాగారు, మిగిలిన రెండు వంతులు నలుగురు పంచుకున్నారు. బండ్ల మీద వచ్చిన ఇద్దరికి గోదారి గాలి గారి టీ చేశాను, అది అయిపోయాక ఇంకోసారి అడిగారు. చికెన్ పకోడీ, గారెలు ముందే వడ్డించాను. పదకొండున్నరకి అందరూ క్షేమంగా ఇళ్లకి చేరారు.

క్వార్టర్లలో అరవయ్యేసి మిగిలాయి. టెకీలా, క్వాంత్రో సీసాలు దాదాపు నిండుగానే ఉన్నాయి. క్వాంత్రో ఉంచేసుకోమన్నాడు మిత్రుడు. వీటిని ఏం చేయాలి, ఎలా దాచాలి?

ఎర్రగడ్డ అన్న · ఆదివారం సాయంత్రం 6:10

బాగా చేశావు తమ్ముడూ. నేనూ నిన్న 20 చొప్పున పోసి చూశాను. నిమ్మ వాసన బాగా తెలిసింది, అది నిజం. 15కి ఇంకా రాలేదు గానీ 30కి మళ్లీ వెళ్లను.

కొలతగిన్నె · ఆదివారం సాయంత్రం 6:45

ఇద్దరికీ అభినందనలు.

మూతలు గట్టిగా బిగించి, ఎండ తగలని అల్మరాలో నిలబెట్టి ఉంచు. పడుకోబెట్టకు, మూత పాడవుతుంది. ఫ్రిజ్ అక్కర్లేదు. క్వాంత్రో మూత దగ్గర పంచదార గడ్డకడుతుంది, వాడిన ప్రతిసారీ తడిబట్టతో తుడు.

టెకీలా, క్వాంత్రో రెండూ ఉన్నాయంటే మార్గరీటా చేతిలో ఉన్నట్టే. టెకీలా 50, క్వాంత్రో 20, నిమ్మరసం 15, ఐస్‌తో షేక్ చేసి, అంచుకి ఉప్పు అద్దిన గ్లాసులోకి వడకట్టు. జిన్ 60 మిగిలింది కదా, వైట్ లేడీ అనే ఇంకో కాక్‌టెయిల్‌కి 40 సరిపోతుంది. జిన్ 40, క్వాంత్రో 30, నిమ్మరసం 20. మన నిమ్మ కాబట్టి 15తో మొదలుపెట్టి రుచి చూసి పెంచు. వచ్చే నెల ఎప్పుడైనా చేస్తే ఇక్కడే రాయి, నిమ్మ ఎంత దగ్గర కుదిరిందో నాకూ తెలుసుకోవాలని ఉంది.